రెండు చేతులూ పైకి

ముందుగది, ఇంటి నుంచి
ఆదివారం

బావమరిదికి,

రైలెక్కే ముందు నువ్వు ఒక్కటే అడిగావు. మీ అక్క చివరి రోజు ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు రాయమన్నావు. ఫోన్లో అయితే నా నోట "ఊఁ" తప్ప రాదని నీకు తెలుసు. అందుకని రాస్తున్నాను.

పొద్దున తనే ముందు లేచింది. కిటికీ తెరవమంది. తెరిచాను. కాఫీ రెండు గుక్కలు తాగి చల్లారిపోయిందంది. వేడి చేసి తెచ్చేసరికి ఇక వద్దంది. నర్సు వచ్చి సూది వేసి వెళ్ళింది. తరువాత కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టమంది. ఎప్పటిలాగే కుడిచెయ్యి వీపు కిందా, ఎడమచెయ్యి మోకాళ్ళ కిందా పెట్టి ఎత్తాను. బరువేమీ లేదు.

ఆ కిటికీలోంచి మైదానం కనిపిస్తుంది కదా. స్కూలు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. స్కోరెంత అని అడిగింది. పిల్లలు స్కోరు రాసుకోరని చెప్పాను. రాసుకోకపోతే ఇక ఆటెందుకు అంది. ఆ రోజు తను అన్న మాటల్లో అదే పెద్దది.

మధ్యాహ్నం కుర్చీలోనే నిద్రపోయింది. నేను ఎదురుగా నిలబడి ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్నాను. ఎండ గోడ మీదికి జరిగాక కళ్ళు తెరిచింది. నావైపు చూసి, కుర్చీ మీంచి కుడిచెయ్యి కొంచెం ఎత్తింది. మ్యాచుల్లో స్కోరర్ బల్ల దగ్గర కూర్చుని, అంపైరుగా నేను చేసిన సైగ అందిందని చెప్పడానికి ఎలా ఎత్తేదో అలాగే. నేను అంపైర్ కోటులో లేను, మైదానంలో లేను. ఏ సైగా చేయలేదు. నా చేతుల్లో దుప్పటి ఉంది. దేనికి జవాబిచ్చిందో తెలియదు. చెయ్యి దిగింది. అంతే.

ఆ సమయానికి నువ్వు గూడ్సు బండి నడుపుతున్నావు. అందుకోలేకపోయానని మనసులో పెట్టుకోకు. వచ్చినా చేసేదేమీ లేదు.

ఉంటాను.
నీ బావ


డ్రైవర్ల విశ్రాంతి గది, జంక్షన్ స్టేషన్
శుక్రవారం

బావా,

ఉత్తరం అందింది. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంజన్లో ఉన్నంతసేపూ తీయలేదు. దిగాక మళ్ళీ చదివాను. "ఆటెందుకు" అన్నచోట నవ్వొచ్చింది. అక్క అంతే. చిన్నప్పుడు నేను గోలీలాడుతుంటే గోడకి బొగ్గుతో స్కోరు రాసేది. నేను ఓడిపోతుంటే చెరిపెయ్యమని కాళ్ళావేళ్ళా పడేవాణ్ణి. చెరిపేది కాదు.

ఇక అసలు సంగతి. నువ్వు స్టేషన్లో నాకు ఎడమచేత్తో వీడ్కోలు చెప్పావు. సంచి పై బెర్తు మీద పెట్టమంటే టికెట్టు చదువుతున్నట్టు నటించావు. ప్రయాణం టికెట్టు కూడా కాదది, ప్లాట్‌ఫాం టికెట్టు. అందులో చదవడానికి ఏముంది? ఇంట్లో చొక్కా తొడుక్కోవాలంటే తలుపేసుకుంటున్నావు. దూరాన ఎర్ర దీపం చూసి బండి ఆపే మనిషిని నేను. నా కళ్ళకి గంతలు కట్టడం నీ వల్ల కాదు.

ఆ కుడిచెయ్యి ఎక్కడిదాకా లేస్తోంది? నిజం రాయి. నా భుజం పట్టేసినప్పుడు అదే తగ్గుతుందిలెమ్మని చెట్టెక్కి కూర్చున్నాను. అది తగ్గలేదు, నా బౌలింగే తగ్గింది. ఇంటికి ఒక్క మొండివాడు చాలు.

నీ తుపాను
(ఈ పేరు పెట్టింది నువ్వే. ఇప్పుడు రెండు మెట్లెక్కితే ఆయాసపడే తుపాను)


ముందుగది
మంగళవారం

బావమరిదికి,

చెయ్యి బాగానే ఉంది. కాస్త బిగుసుకుంది. వయసు.

ఈ ఆదివారం సీజన్ మొదటి మ్యాచ్. నేనే నిలబడుతున్నాను. స్కోరర్ బల్ల దగ్గర కొత్తమ్మాయి కూర్చుంటుంది. హైస్కూల్లో లెక్కల టీచరు. స్కోరు రాయడం మీ అక్క దగ్గరే నేర్చుకుంది. జాగ్రత్త గల మనిషి.

నీ బావ


ముందుగది
ఆదివారం సాయంత్రం

బావమరిదికి,

కిందటి ఉత్తరంలో చెయ్యి బాగానే ఉందని రాశాను. ఆ వాక్యం కొట్టెయ్యి.

ఇవాళ ఆఖరి బంతికి అయిదు పరుగులు కావాలి. బ్యాటింగ్‌లో మందుల షాపాయన. ఆయన కళ్ళు మూసుకుని కొట్టాడనే నా అనుమానం. బంతి తాడు దాటి, గోడ కూడా దాటి, సైకిళ్ళ స్టాండులో పడింది. సిక్సర్. రెండు చేతులూ తలపైకి ఎత్తాలి. ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి రొమ్ముదాకా వచ్చి ఆగింది. ఆగడం కాదు, ఎవరో పట్టుకున్నట్టు నిలిచిపోయింది. కళ్ళముందు చుక్కలు కనిపించాయి.

ఒక్క చెయ్యి పైకి లేస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. అది బై సైగ. బంతి బ్యాటుకి తగలకుండా పోయినప్పుడు తీసే పరుగు. లెక్కల టీచరు చెయ్యెత్తింది, సైగ అందిందని. బ్యాటర్లు ఎలాగూ ఒకరినొకరు దాటారు, అందుకని ఒక పరుగు రాసింది. బోర్డు మీద ఆ ఒక్కటే పెరిగింది.

మందుల షాపాయనను ఇద్దరు భుజాల మీదికెత్తుకున్నారు. బోర్డు చూసి బౌలింగ్ చేసిన జట్టు కూడా గంతులు మొదలుపెట్టింది. రెండు జట్లూ గెలిచిన మ్యాచ్ నేను ఇంతకు ముందు చూడలేదు. చివరికి రెండో అంపైరు వచ్చి సరిచేశాడు. ఆ అమ్మాయిని పిలిచి, బంతి గోడ దాటడం నువ్వు చూడలేదా అని అడిగారు. చూశానంది. మరెందుకలా రాశావన్నారు. "నీ కళ్ళు చూసింది కాదు, అంపైర్ చెయ్యి చెప్పిందే రాయాలి అని మేడం నేర్పారు" అంది. ఏడుపు ఆపుకుంటూ చెప్పింది.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. మీ అక్కే ఉంటే అలా రాసేది కాదు. నా చెయ్యి ఎంతవరకు లేచినా, మిగతాది తను పూర్తిచేసుకుని రాసేది. తను అందరికీ నేర్పిన నియమం నా విషయంలో తనే పాటించేది కాదని ఇవాళ తెలిసింది.

సాయంత్రం క్లబ్బు కార్యదర్శి ఇంటికొచ్చాడు. మంచినీళ్ళు తాగాడు. ఎండ గురించి మాట్లాడాడు. మళ్ళీ మంచినీళ్ళు అడిగాడు. అప్పుడు విషయానికొచ్చాడు. "రెండు చేతులూ లేవని అంపైర్‌ని కప్పు ఫైనల్లో నిలబెడితే అవతలి క్లబ్బు ఊరుకోదు గురువుగారూ. సెమీఫైనల్ దాకా చూద్దాం. ఈలోగా లేస్తే మీరే."

నాకు ఆ ఫైనల్ కావాలి. ఇన్నేళ్ళలో పిచ్ దగ్గర నేనూ, బల్ల దగ్గర మీ అక్కా లేకుండా ఒక్క ఫైనల్ జరగలేదు. ఈసారి ఇద్దరమూ లేకుండా జరగకూడదు.

భుజానికి వైద్యం ఎక్కడ చేయించుకోవాలో నీకు తెలిస్తే రాయి.

నీ బావ


డ్రైవర్ల విశ్రాంతి గది
బుధవారం

బావా,

ముందు నవ్వాను. తిట్టుకుంటే తిట్టుకో. గోడ దాటిన బంతికి బై ఇచ్చిన అంపైర్ లోకంలో నువ్వొక్కడివే. పక్క మంచం మీది డ్రైవరుకి చెబితే అతను లేచి కూర్చుని నవ్వాడు. అతనికి క్రికెట్ రాదు కూడా.

తరువాత ఆ "మిగతాది తను పూర్తిచేసుకునేది" దగ్గరికొచ్చాను. నవ్వు అక్కడ ఆగింది.

నీకు గుర్తుందా, మొదటిసారి నువ్వు మా మ్యాచ్‌కి అంపైరుగా వచ్చినప్పుడు నాకు వరసగా నోబాల్స్ ఇచ్చావు. ఇంటికెళ్ళి అమ్మ దగ్గర లబోదిబోమన్నాను, ఆ పొడుగాటివాడికి కళ్ళు కనపడవని. అక్క అన్నం తింటూ తలెత్తకుండా, నోబాలే, నేను చూశాను అంది. ఇంట్లో అందరూ ఆవిడ వైపు తిరిగారు. నీ పెళ్ళి సంబంధం ఖాయమైంది అప్పుడే. నా కాలు గీత దాటకపోతే నీకు పెళ్ళే లేదు. ఆ కృతజ్ఞత ఉంచుకుని నేను చెప్పేది విను.

ముందు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఎక్స్‌రే తీయించు, షుగరు కూడా చూపించు. లోపల ఏదీ తెగలేదని ఆయన అంటే, అప్పుడు చదువుకున్న ఫిజియోథెరపిస్టు దగ్గరికి పో. నూనె రాసి ఎముకలు విరిచేవాళ్ళ దగ్గరికి పోయావంటే నేనే సెలవు పెట్టి వచ్చి రెండో భుజం విరుస్తాను.

నీ తుపాను


ముందుగది
శనివారం

తుపానుకి,

వెళ్ళాను. చాలా సంగతులున్నాయి.

ఎక్స్‌రేలో ఏమీ లేదు. షుగరు లేదు. కండరం తెగలేదు. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారని డాక్టరు చెప్పి ఫిజియో దగ్గరికి పంపాడు. ఆవిడ క్లినిక్ ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన. గోడకి బిగించిన పెద్ద చక్రం, తలుపు పైన కప్పీ, దానికి తాడు. మూలన రబ్బరు పట్టీలు కుప్పగా పడున్నాయి. మనిషి పొట్టి. వేళ్ళు మాత్రం పటకారు. అక్కడి రోగులు ఆవిణ్ణి వెనకాల "బెత్తం" అంటారట. ముందు కూడా అంటారని తరువాత తెలిసింది.

భుజం కీలు చుట్టూ ఒక సంచి ఉంటుందట. అది వాచి, దళసరెక్కి, కుంచించుకుపోయింది. "వేడినీళ్ళలో ఉతికిన స్వెటరు లాంటిది సార్. గుంజితే చిరుగుతుంది. అలాగే వదిలేస్తే ఎప్పటికీ పట్టదు. రోజూ కాస్త కాస్త సాగదియ్యాలి" అంది. సాగుతున్న నొప్పి రావచ్చు, పొడిచే నొప్పి వస్తే ఆగాలి. వ్యాయామం తరువాత నొప్పి కాసేపట్లో సద్దుమణగాలి. మర్నాటిదాకా ఉంటే నేను అతి చేశానని అర్థం. నెలలు పడుతుంది, వారాలు కాదు. కొందరికి ఏడాది దాటుతుందని కూడా దాచకుండా చెప్పింది.

ఎలా మొదలైందని అడిగింది. బరువులెత్తేవారా అంది. ఎత్తేవాణ్ణన్నాను. ఏం బరువు అంది. గోడ మీది చక్రం దేనికని అడిగాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. నా భుజం మీద వేళ్ళు ఆనించి, నెమ్మదిగా చెప్పింది.

"మీరింకా ఎత్తుకునే ఉన్నారు సార్. చూడండి, భుజం చెవిదాకా బిగించి పట్టుకున్నారు. కిందికి వదలండి."

వదిలాను. అది ఎంత కిందికి దిగిందో చూసి నాకే వింతగా అనిపించింది. అదే మొదటి వ్యాయామం. రెండోది, ఎడమచేత్తో బల్ల పట్టుకుని ముందుకి వంగి, కుడిచేతిని గడియారం లోలకంలా ఊరికే వేలాడనివ్వడం. చెయ్యి నాది కాదన్నట్టు. అలా ఊగుతుంటే మొదటిసారి నొప్పి లేదు. పిల్లాడికి ఊయల దొరికినట్టు అనిపించింది. ఇంటికొచ్చి వంటింటి బల్ల పట్టుకుని మళ్ళీ ఊపాను.

మూడోది గోడ ఎక్కడం. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళని సాలీడులా పైకి నడిపించాలి. భుజం ఎగరెయ్యకూడదు. మా వంటింటి గోడ మీద కింద స్విచ్ బోర్డు, దానిపైన క్యాలెండర్ మేకు, ఆపైన గోడగడియారం, అన్నిటికీ పైన అటక అంచు. ఇవాళ స్విచ్ బోర్డు దగ్గర ఆగాను.

చొక్కా వేసుకునేటప్పుడు నొప్పి ఉన్న చెయ్యి ముందు దూర్చాలట. విప్పేటప్పుడు అది ఆఖర్న రావాలి. ఇన్నాళ్ళూ తిరగేసి చేసి తలుపు చాటున నరకం చూశాను. ఇంత చిన్న సంగతి.

నీ బావ


డ్రైవర్ల విశ్రాంతి గది
మంగళవారం

బావా,

ఇన్నేళ్ళలో నువ్వు నాకు రాసిన అతి పొడుగు ఉత్తరం ఇది. బెత్తం గారికి నా నమస్కారాలు చెప్పు.

ఇక నుంచి మన లైను ఇదీ. స్విచ్ బోర్డు జంక్షన్, క్యాలెండర్ మేకు హాల్టు, గడియారం టౌను, చివరి స్టేషన్ అటక. బండి ఎక్కడిదాకా వచ్చిందో నాకు ఎప్పటికప్పుడు కబురందాలి. ఇది ప్యాసింజరు, ఎక్స్‌ప్రెస్ కాదు. ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది. సిగ్నల్ లేకుండా కదలకు.

ఇంకో మాట. నేను కూడా నా క్వార్టర్సు గోడ ఎక్కుతున్నాను. పాత భుజం కదా, చూద్దామని. మా ఆవిడ చూసి బల్లి పట్టుకుంటున్నావా అంది.

నీ తుపాను


వంటిల్లు
గురువారం

తుపానూ,

రెండు నెలలు పట్టింది, క్యాలెండర్ మేకు వచ్చింది. మధ్యవేలు తగిలింది. మేకు చల్లగా ఉంది. ఈ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది, ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటాయన గేటు దగ్గర కనిపిస్తే చెప్పేశాను. ఆయన అభినందనలు అన్నాడు, దేనికో తెలియకుండానే.

నీ బావ


వంటిల్లు
సోమవారం

తుపానూ,

బండి పట్టాలు తప్పింది. తప్పించింది నేనే.

సెమీఫైనల్ తేదీ నోటీసు బోర్డు మీద పెట్టారు. అది చూసి నాకు కాలు నిలవలేదు. క్లినిక్‌లో ఆవిడ కప్పీ తాడు మీద ఎడమచేత్తో నెమ్మదిగా లాగమంటుంది. నేను ఇంట్లో తలుపు పైకమ్మి పట్టుకుని వేలాడాను. గడియారం టౌను ఒక్క రోజులో చేరుదామనుకున్నాను. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చెయ్యి మళ్ళీ రొమ్ము దగ్గరికొచ్చేసింది. పడుకోలేకపోయాను.

క్లినిక్‌కి వెళ్ళి చెప్పకుండా కూర్చున్నాను. ఆవిడ భుజం ముట్టుకోగానే, ఏ తలుపు అని అడిగింది. ఇలాంటి తెలివైనవాళ్ళని చాలామందిని చూసిందట. తిట్టలేదు. వేడి కాపడం పెట్టింది, మళ్ళీ లోలకం దగ్గరికి పంపింది. "మీ ఆటలో బౌలరు గీత దాటితే ఏం చేస్తారు?" అంది. నోబాల్ ఇస్తానన్నాను. "మరి ఇచ్చుకోండి" అంది.

ఇచ్చుకున్నాను. ఎడమచేత్తో.

నీ బావ


డ్రైవర్ల విశ్రాంతి గది
శుక్రవారం

బావా,

ఎర్ర దీపం దాటి బండి నడిపావు. నేనైతే ఈపాటికి సస్పెండయ్యేవాణ్ణి. బెత్తం గారు మంచివారు కాబట్టి వదిలేశారు.

నువ్వు నింపాదిగా ఆలోచించు. స్విచ్ బోర్డు నుంచి మేకు దాకా ఒకసారి వచ్చిన బండి మళ్ళీ రాదా? పట్టాలు అక్కడే ఉన్నాయి కదా. ఈసారి నా మాట విని, ఒక్కో స్టేషన్లో దిగి టీ తాగి ఎక్కు.

నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇప్పుడు చెప్పను. ముందు గడియారం టౌను నుంచి కబురు రానీ.

నీ తుపాను


వంటిల్లు
బుధవారం

తుపానూ,

గడియారం టౌను. మళ్ళీ కొన్ని వారాలు పట్టింది, ముల్లు ముట్టుకున్నాను. గడియారం కొంచెం పక్కకి ఒరిగింది, సరిచేశాను. కుడిచేత్తో.

ఆ గడియారం కీ ఇవ్వడం ఎప్పుడూ మీ అక్క పని. తను కుర్చీ ఎక్కేది. తను మంచం పట్టాక ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నేను కీ ఇవ్వలేదు, ఆ సంగతి నీకు చెప్పలేదు. ఇవాళ ఇచ్చాను. ఇల్లంతా టిక్కుటిక్కుమంటోంది.

నీ బావ


ముందుగది
ఆదివారం

తుపానూ,

కూర్చుని రాయలేకపోతున్నాను, అయినా రాస్తాను, వరసగానే రాస్తాను.

ఇవాళ సెమీఫైనల్. కార్యదర్శి నన్ను నిలబెట్టాడు కానీ, కళ్ళద్దాలు తుడుచుకుంటూ నా భుజం వైపే చూస్తున్నాడు. బెత్తం కూడా వచ్చింది. ఆవిడకి ఆట రాదు. ఏ చెయ్యి ఎప్పుడు లేస్తుందో చెప్పమని పక్కవాళ్ళని తినేసిందట. పొద్దున నాకు ఒకటే చెప్పింది, ఎత్తాలని ఎత్తకండి, బంతిని చూడండి అని. మొదటి ఇన్నింగ్స్‌లో ఒక్క సిక్సరూ లేదు. అందరూ నేల మీదే ఆడుతున్నారు. జీవితంలో మొదటిసారి ఒక అంపైరు సిక్సర్ కోసం మొక్కుకున్నాడు. చెప్పకూడదు, అయినా నీకు చెప్తున్నాను.

రెండో ఇన్నింగ్స్‌లో మళ్ళీ మందుల షాపాయన. ఈసారి కళ్ళు తెరిచే కొట్టాడు. బంతి లేచింది. నేను తల ఎత్తి దాన్నే చూస్తున్నాను, అది ఎండలోకి వెళ్ళి కనపడకుండా పోయి, మళ్ళీ కనపడి, తాడు అవతల పడింది, ఎవరో నా పేరు పెట్టి అరిచారు, అప్పుడు చూసుకున్నాను, నా రెండు చేతులూ అప్పటికే పైన ఉన్నాయి. నేను ఎత్తలేదు తుపానూ. అవే లేచాయి. కుడిచెయ్యి చెవిని తాకలేదు, రెండు వేళ్ళ ఎడం ఉంది. అయినా పైనే ఉంది. నొప్పి ఉంది, కానీ అది సాగే నొప్పి, పొడిచేది కాదు.

అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బౌలరు వెనక్కి నడిచి వెళ్ళి, తిరిగొచ్చి, నా పక్కన నిలబడి మెల్లిగా అన్నాడు. "సార్, దించితే ఇంకో బంతి వేసుకుంటాను." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ఇంట్లో చావు జరిగాక నేను నవ్విన చప్పుడు నాకు వినపడటం ఇదే మొదలు.

బల్ల వైపు చూశాను. లెక్కల టీచరు చెయ్యెత్తింది. ఎత్తి, లేచి నిలబడింది. స్కోరరు లేచి నిలబడకూడదు. మీ అక్క ఉంటే కూర్చోబెట్టేది.

కార్యదర్శి వచ్చి ఫైనల్ మీదే గురువుగారూ అని చెయ్యి చాపాడు. కుడిచెయ్యి ఇచ్చాను.

ఎంతోసేపటి తరువాత ఇంటికొచ్చి తలుపు తీసి, తనకి చెబుదామని లోపలికి నడిచాను. కుర్చీ దాకా వెళ్ళాను. అందుకే కూర్చుని రాయలేకపోతున్నానన్నాను.

నీ బావ


డ్రైవర్ల విశ్రాంతి గది
బుధవారం

బావా,

నీ ఉత్తరం రాకముందే నాకు తెలుసు. బంతి తాడు దాటిన అరగంటలో తెలుసు. ఇన్నాళ్ళూ దాచిన సంగతి ఇదే.

లెక్కల టీచరు నాకు స్కోరు రాయడం నేర్పుతోంది. ఫోన్లో. ఆ బై రోజు నీ ఉత్తరం చదివాక, ఆ అమ్మాయి నంబరు కనుక్కుని, నీ తప్పేమీ లేదమ్మా అని చెప్పడానికి మాట్లాడాను. అప్పుడు తెలిసింది, ఫైనల్లో జట్టుకొకరు చొప్పున ఇద్దరు స్కోరర్లు కూర్చోవాలని, రెండో కుర్చీకి ఎవరూ దొరకలేదని. అక్క కుర్చీ. నేను కూర్చుంటానన్నాను. మీకు వచ్చా అంది. రాదన్నాను. అయితే నేర్చుకోండంది, క్లాసులో వెనక బెంచీవాడితో మాట్లాడినట్టు. అప్పటినుంచి రేడియోలో వచ్చే ప్రతి మ్యాచ్ రాసి ఆవిడకి పంపుతున్నాను. తప్పులకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి తిప్పి పంపుతోంది. ఈ వయసులో నాకు సున్నాలు.

కార్యదర్శి ఒప్పుకున్నాడు. సెలవు దొరికింది. అక్క పోయిన రోజు నా బండి సమయానికి రాలేదు. ఈసారి ప్రయాణికుడిగా వస్తున్నాను, నడిపేది వేరేవాడు. మ్యాచ్ మొదలయ్యేలోగా చేరతాను.

ఆ అమ్మాయి నాకు కూడా అక్క నియమమే చెప్పింది. నీ కళ్ళు చూసింది కాదు, అంపైర్ చెయ్యి చెప్పిందే రాయాలని. సరే టీచరుగారూ అన్నాను. కానీ బావా, నీ చెయ్యి ఎక్కడైనా సగంలో ఆగిందే అనుకో, కంగారు పడకు. నేను కూడా ఆవిడ తమ్ముణ్ణే.

నీ తుపాను


వంటింటి బల్ల మీద, ఉప్పుడబ్బా కింద
శనివారం సాయంత్రం

తుపానూ,

నువ్వు దిగేసరికి నేను మైదానంలో ఉంటాను. తాళంచెవి పక్కింట్లో ఇచ్చాను. కాఫీ ఫ్లాస్కులో ఉంటుంది. తాగి, మొహం కడుక్కుని వచ్చెయ్యి. బల్ల దగ్గర ఎడమవైపు కుర్చీ నీది. ఒక కాలు కాస్త పొట్టి. మీ అక్క కాగితం మడిచి కింద పెట్టుకునేది. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది, తీయకు.

నీ మంచం సర్దుతూ ఇందాక ఒక పని చేశాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నీకోసం ఉతికిన దుప్పటి తీసి మడతపెడుతున్నాను. పెద్ద దుప్పటి కదా, ఒక్కడే మడవాలంటే రెండు మూలలూ రెండు చేతులతో పట్టుకుని తలపైకి ఎత్తాలి, లేకపోతే అంచు నేలకి రాసుకుంటుంది. అలవాటుగా ఎత్తాను. ఈసారి రెండు చేతులూ తలపైకి లేచాయి. ఎదురుగా కిటికీ. బయట మసక పడింది, లోపల దీపం వెలుగుతోంది. అద్దంలో నేను కనిపించాను. తెల్లటి దుప్పటి కోటులా ముందు వేలాడుతుండగా, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ అంపైరు.

మొదటి ఉత్తరంలో నేను ఏ సైగా చేయలేదని నీకు రాశాను. చేశాను. ఆ మధ్యాహ్నం తను కళ్ళు తెరిచేసరికి నేను ఎదురుగా ఇలాగే నిలబడి ఉన్నాను. కుడిచెయ్యి అప్పటికే పట్టేసింది, సగందాకానే లేచి ఉంటుంది. మిగతాది తను పూర్తిచేసుకుంది. సిక్సర్ అనుకుంది. అందిందని చెయ్యెత్తింది. స్కోరు రాసుకుని వెళ్ళింది.

దుప్పటి నాలుగుసార్లు మడిచి విప్పాను. నీ మంచం మీదే ఉంది. నలిగి ఉంటే ఏమీ అనుకోకు.

కుడిచెయ్యి ఇవాళ అటక అంచు తాకింది. దుమ్ము ఉంది. బెత్తం ఇంకొన్నాళ్ళు మానకుండా చెయ్యమంది, ఆ చివరి రెండు వేళ్ళ ఎడం కూడా పోతుందట. చేస్తాను.

రేపు పొద్దున లేచి లోలకం ఊపుతాను, కోటు వేసుకుంటాను, కుడిచెయ్యి ముందు. నడిచి వెళ్ళి స్టంపులు పాతి బెయిల్స్ పెడతాను. మొదటి బంతికి ముందు స్కోరర్లు సిద్ధమేనా అని అడగడం అంపైర్ పని. బల్ల వైపు తిరిగి కుడిచెయ్యి పైకెత్తుతాను. ఎడమవైపు కుర్చీలోంచి జవాబు వచ్చేదాకా దించను.

నీ బావ